జీతగాడికి కొన్న రంపం

పోయినవి ముందు రాస్తాను. బత్తాయి చెట్లు నూట డెబ్బై మూడు. ఒక్కొక్కటి నాలుగేళ్లది, మొదటి పూత మీద ఉన్నది. కంచెకు నిలబెట్టిన రాతి కడీలు ముప్పై ఎనిమిది. వాటిలో పదకొండు నడిమికి విరిగాయి, మిగతావి ఒరిగి పనికిరాకుండా పోయాయి. కడీకీ కడీకీ మధ్య మూడు గజాలు, అంటే ముళ్లతీగ వరుసకు నూట పదకొండు గజాలు. మా అక్క కుడి భుజం. ఆ చెయ్యి ఇప్పటికీ తల దాకా లేవదు, జడ వేసుకోవాలంటే ఇంకొకరు కావాలి. చివరిది లెక్కకు అందదు గాని రాయక తప్పదు. అక్క నన్ను లెక్క అడగడం మానేసింది.

నేను ఇంటర్ దాటలేదు. అయినా తొంభైలలో నారాయణగూడ, సుల్తాన్ బజార్ దుకాణాలకు లెక్కలు రాసి బతికాను. లెక్కలు ఎవరూ నేర్పలేదని, వాటంతట అవే వచ్చాయని అందరికీ చెప్పుకునేవాణ్ని. అది సగమే నిజం. చిన్నప్పుడు అక్క నన్ను బడికి తీసుకుపోతూ దారిలో పోయే స్కూటర్ల నంబర్లు చూపించి కూడమనేది. నేను జవాబు చెబితే ‘శభాష్’ అనేది. ఆ జవాబు ఒప్పో తప్పో ఆమెకు తెలియదు. తమ్ముడు చెప్పాడు కాబట్టి ఒప్పే. పెద్దయ్యాక కూడా ఆమెకు ఆ నమ్మకం పోలేదు.

మా బావ బ్యాంకులో క్యాషియరు. వాళ్లు అశోక్ నగర్‌లో కిరాయి ఇంట్లో ఉండేవాళ్లు, నేను రెండు సందుల అవతల చిక్కడపల్లిలో. అక్కకు మాత్రం నేల మీద మనసు. నల్లగొండ వైపు ఆరెకరాలు కొన్నారు. బస్సు దిగి బండ్ల బాటన నాలుగు కిలోమీటర్లు నడిస్తే గాని రాదు. అక్కడ కరెంటు లేదు, పక్కన ఇల్లు లేదు. సోమవారం పొద్దున పోయి శనివారం సాయంత్రం వచ్చేది. రేకుల గది ఒకటి వేయించుకుని, బావి మీద డీజిల్ ఇంజను పెట్టించి, రెండున్నర ఎకరాలలో బత్తాయి వేసింది. బావకు ఆదివారం తప్ప తీరేది కాదు. ఆ ఒక్కరోజు ఆయన పోతే ఆమె రాదు, ఆమె వస్తే ఆయన పోడు.

మా సందులో దీని మీద చాలా మాటలు నడిచాయి. మొగుడు పట్నంలో, పెళ్లాం అడవిలో. నాకు తల కొట్టేసినట్టుండేది. ఒకసారి నేను లెక్కలు రాసే సుల్తాన్ బజార్ బట్టల సేటు అడిగాడు.

“మీ అక్క ఒక్కతే జంగల్ల ఉంటదట కదా?”

“ఒక్కతేం కాదు సేట్ సాబ్. ఫారం హౌజ్ అది. నౌకర్లున్నరు” అన్నాను.

ఉన్నది పక్క తండా నుంచి కూలికి వచ్చే ఒకామె. ఆమె మా అక్క కన్నా పొట్టి.

బత్తాయికి నాలుగో ఏడు నడుస్తుండగా అక్కకు కంచె గుబులు పట్టుకుంది. కంచె పొడుగునా సర్కారు తుమ్మ మొలిచింది. అది కొడితే చచ్చే చెట్టు కాదు, మొదలు నుంచి నాలుగు పిలకలు వేస్తుంది. ఏటా కొడవలితో నరికే పిలకలు ఆ ఏటికి తొడలంత మొద్దులయ్యాయి. తీగల మధ్య నుంచి దూరి, తీగను తమలోకి మింగి, కడీలను బయటికి నెడుతున్నాయి. శివరాత్రి దాటితే నీళ్లు వెతుక్కుంటూ మేకల మందలు ఆ దారిన దిగుతాయి. అంతలోగా తుమ్మ తీసి, కడీలు నిలబెట్టి, తీగ బిగించాలి. లేదంటే తోట ఉండదు. ఆ ఊరి మొగవాళ్లు చాలామంది అప్పటికే పట్నంలో బిల్డింగుల పనికి వచ్చేశారు. గొడ్డలి పట్టేవాడు దొరకడం లేదు.

“పెట్రోల్‌తోని నడిచే రంపం మిషన్ ఉంటదట తమ్మీ” అంది అక్క. “తేలికది ఉంటే నేనే పట్టుకుంట. తండా ఆమె కొమ్మలు గుంజుతది. నువ్వు జర చూసి చెప్పు. లెక్క నీకే తెలుసు.”

నేను నిజంగానే శ్రద్ధగా చూశాను. అది ఒప్పుకోవాలి, ఎందుకంటే తెలియక చేసిన తప్పు కాదని దానివల్లే రుజువవుతుంది. ఆరెకరాల చేను నూట ఇరవై గజాల వెడల్పు, రెండు వందల నలభై రెండు గజాల పొడుగు. చుట్టుకొలత ఏడు వందల ఇరవై నాలుగు గజాలు. తుమ్మ ముదిరింది అందులో మూడో వంతు. మొద్దు ఎంత లావైనా జానెడు దాటదు. కాబట్టి అడుగు పొడుగు బ్లేడున్న మిషన్ చాలు. బరువు సంగతీ ఆరా తీశాను. కంపెనీ కాగితంలో రాసే బరువు ఉత్త మిషన్‌ది. దానికి బ్లేడు, గొలుసు, పెట్రోలు, గొలుసుకు కారే ఆయిలు కలపాలి. చిన్న మిషన్ కాగితం మీద మూడు కిలోల ఏడు వందల గ్రాములు, చేతిలోకి వచ్చేసరికి అయిదు కిలోలకు కాస్త తక్కువ. పెద్దది కాగితం మీద ఆరు, చేతిలో ఎనిమిది.

అంతటితో ఆగలేదు. ఒక ఆదివారం అశోక్ నగర్ ఇంటి వరండాలో బియ్యం సంచులు తూచి, అక్కను నిలబెట్టి, నడుము ఎత్తున రెండు చేతులతో పట్టుకోమన్నాను. బావ కుర్చీలో చాయ్ తాగుతూ చూస్తున్నాడు.

“ఏందిది, బియ్యం తూకమా, మీ అక్క తూకమా?” అన్నాడు.

“మీ తూకం అయితే కాదు, ఊకోండి” అంది అక్క.

నాలుగు కిలోల సంచి ఆమె నవ్వుతూనే పట్టుకుంది. అయిదు కిలోలది బావ చాయ్ అయిపోయేదాకా పట్టుకుంది, పెదవి మాత్రం బిగించింది. ఎనిమిది కిలోలది ఎత్తగానే మోచేతులు దిగిపోయాయి. కాసేపటికే సంచి జారి బియ్యం వరండా అంతా పడ్డాయి. ముగ్గురం కూర్చుని ఏరాం.

“అయిదు లోపల అక్కా” అన్నాను.

“అయిదు లోపల” అంది ఆమె, పాఠం అప్పజెప్పినట్టు.

మరుసటి శనివారం నారాయణగూడ చౌరస్తా దాటాక ఉన్న వ్యవసాయ యంత్రాల దుకాణానికి బయల్దేరాం. అక్క ముందు సుల్తాన్ బజార్‌లో తోలు గ్లౌజులు, తాడు కొనుక్కుని వస్తానంది. నేను ఒక్కణ్నే లోపలికి పోయాను. కౌంటర్ పక్కన కుర్చీలో మా బట్టల సేటు కూర్చుని ఉన్నాడు. దుకాణాయన, ఆయన దోస్తులట.

“ఆవోజీ, ఇక్కడేం పని?” అన్నాడు సేటు.

రంపం కోసం వచ్చానన్నాను. దుకాణాయన పెద్దమనిషి, తొందర లేనివాడు. మిషన్లు రెండూ కౌంటర్ మీద పెట్టి, ముందుగా అడగవలసిన మాటే అడిగాడు.

“నడిపేదెవరు?”

నేను నోరు తెరిచే లోపే సేటు అందుకున్నాడు.

“వాళ్ల అక్కకు పెద్ద ఫారం ఉంది భాయ్. నౌకర్లుంటరు గద.”

అప్పుడు ‘మా అక్కే నడుపుతుంది’ అని ఉంటే సరిపోయేది. మూడే మాటలు. సేటు నవ్వేవాడు, లేదా నవ్వకపోయేవాడు. నేను అన్నది వేరు.

“అవును. మా జీతగాడు.”

“ఎట్లుంటడు మనిషి?”

“పొడుగుంటడు. గట్టి మనిషే.”

దుకాణాయన చిన్న మిషన్‌ను పక్కకు జరిపాడు. పెద్దది నా ముందుకు తోశాడు. “అట్లయితే ఇది తీస్కోండి. పద్దెనిమిది అంగుళాల బ్లేడు. గట్టోడి చేతిల పడితే తుమ్మ ఎంత? మీ పని సగం రోజులల్ల అయితది.”

“చిన్నది చాలు కదా” అన్నాను. నా గొంతు నాకే దొంగ గొంతులా వినిపించింది.

“చిన్నది కొమ్మలు కొట్టుకునేటోళ్లకు, ముసలోళ్లకు. వయసు పిల్లగానికి అది బొమ్మ లెక్కుంటది.”

“ఏం, మీ జీతగాడు చీర కడతడా?” అన్నాడు సేటు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఇప్పటికీ నా ముఖం మీద ఎక్కడో అతుక్కునే ఉందనిపిస్తుంది.

అదే సమయానికి అక్క లోపలికి వచ్చింది. భుజాన తాడు చుట్ట, చేతిలో గ్లౌజుల పొట్లం. ఎండకు కమిలిన ముఖం, చేతుల నిండా తుమ్మముళ్లు గీసిన గీతలు. దుకాణాయన లేచి కుర్చీ చూపించాడు.

“కూసోండమ్మా. మీ జీతగానికి మంచి మిషన్ ఇస్తున్న.”

అక్క కౌంటర్ మీది పెద్ద మిషన్‌ను చూసింది. పక్కకు జరిపిన చిన్నదాన్ని చూసింది. సేటును చూసింది. తర్వాత నన్ను. ఆమెకు అర్థం కావడానికి పెద్దగా సమయం పట్టలేదు. నేను నేల వైపు చూశాను.

“అవునండీ” అంది దుకాణాయనతో. “మా జీతగాడు గట్టోడే. ఏమిచ్చినా మోస్తడు.”

తాడు చుట్టను మాత్రం ఒడిలోకి లాక్కుని, గీతలున్న చేతులు దాని కింద పెట్టుకుంది.

స్కూటర్ మీద వెనక కూర్చుని మిషన్ పెట్టెను మా ఇద్దరి మధ్య పట్టుకుంది. పెట్టె అంచు నా వీపుకు గుచ్చుకుంటోంది, నేను సర్దుకోలేదు. చిక్కడపల్లి దాటాం. అశోక్ నగర్ మలుపు తిరుగుతుండగా అడిగింది.

“పేరేంది తమ్మీ?”

“ఎవరి పేరు?”

“జీతగాని పేరు. ఎల్లుండి సంది పిలవాలె గద.”

నేను గేరు మార్చాను. ఆమె నవ్విందేమో తెలియదు, వెనక ఉంది.

ఇంటికి వచ్చాక ఆమె పెట్టె విప్పి మిషన్ ఎత్తి చూసి కింద పెట్టేసింది. “మార్చుకొని రారాదు? సోమవారం పోత గద, ఆ లోపల” అంది. కోపంగా కాదు. మార్చాలంటే నేను దుకాణానికి పోయి జీతగాడు లేడని చెప్పాలి. ఆ మాట సేటు దాకా పోతుంది. అందుకని నేను లెక్క తీశాను. నా బతుకులో నేను చేసిన లెక్కలన్నిటిలో సిగ్గుపడవలసిన లెక్క అదే.

“చూడక్కా. చిన్నది అయిదు కిలోలు, పని పది రోజులు. అయిదు పదులు యాభై. పెద్దది ఎనిమిది కిలోలు, గని బ్లేడు పొడుగు కాబట్టి పని ఆరు రోజులల్ల అయితది. ఎనిమిది ఆర్లు నలభై ఎనిమిది. నువ్వు మోసే మొత్తం బరువు పెద్దదానికే తక్కువ.”

బావ పేపరు దించి నన్ను చూశాడు. ఆయన రోజూ నోట్లు లెక్కపెట్టే మనిషి, అందులో ఏదో కిరికిరి ఉందని ఆయనకు తట్టి ఉండాలి. మళ్లీ పేపరు ఎత్తుకున్నాడు. అక్క వేళ్ల మీద ఎనిమిది ఆర్లు చూసుకుంది.

“నలభై ఎనిమిదే” అంది. “రెండు తక్కువే. సరే మరి.”

చేతులు రోజుల్ని కూడుకోవని నాకు తెలుసు. ఎత్తలేని బరువును ఆరు రోజులతో హెచ్చవేసినా, ఆరు నిమిషాలతో హెచ్చవేసినా ఎత్తలేకపోవడమే వస్తుంది. వరండాలో పడ్డ బియ్యం నేనూ ఏరాను. అయినా ఆ హెచ్చవేత చెప్పాను, ఎందుకంటే చెబితే ఆమె నమ్ముతుందని తెలుసు.

తర్వాతి శనివారం వచ్చినప్పుడు అన్నం కలుపుతూ ఆమె చెయ్యి మధ్యమధ్య ఆగుతోంది.

“బరువైతుంది తమ్మీ. వంగి పట్టుకుంటే మూతి కిందికి గుంజుతుంది. బ్లేడు పొడుగు కదా, తీగకు తగులుతది. రెండు మొద్దులు కోస్తే భుజం పడిపోతుంది. తండా ఆమె, నేను ఇద్దరం చెరో పక్క పట్టుకుందామంటే మిషన్ అట్ల పట్టేది కాదాయె.”

“కొత్త కదా. అలవాటైతది” అన్నాను.

“అలవాటైతదా?”

“అయితది.”

అప్పుడైనా మార్చవచ్చు. లేదా నేనే పోయి నడపవచ్చు, ఎనిమిది కిలోలు నాకు బరువు కాదు. మార్చి నెల దగ్గరపడుతోందని, దుకాణాల లెక్కలు ముగించాలని చెప్పాను. ముగించవలసిన లెక్కలు ఉన్న మాట నిజమే. ఆదివారాలు ఖాళీగా ఉన్న మాట కూడా నిజమే. అక్కడికి పోతే ఆమె వంగి ఆ మిషన్ పట్టుకోవడం నేను కళ్లతో చూడాలి. అందుకే పోలేదు.

మూడో వారంలో ఆమె భుజం పట్టేసింది. బర్కత్‌పురలో డాక్టరుకు చూపించాం. ఎముక బాగానే ఉందట, లోపల నరమేదో చిట్లిందట, చెయ్యి కదిలించవద్దన్నాడు. అప్పటికి తుమ్మ సగం కూడా తెగలేదు. చిత్రమేమంటే కోసినంత మేర కంచె వదులైంది. అన్నాళ్లు తుమ్మ మొద్దులే తీగను పట్టుకుని ఉన్నాయి, అవి పోయేసరికి ఒరిగిన కడీలు ఒకదాని వెంట ఒకటి వాలాయి. తుమ్మ తీసిన రోజునే కడీలు నిలబెట్టాలని అనుకున్నాం. దానికి చేతులు మిగలలేదు. బావ సెలవు పెట్టి గొడ్డలి మనుషుల కోసం రెండు ఊర్లు తిరిగాడు. దొరికినవాళ్లు శివరాత్రి తర్వాత వస్తామన్నారు.

మంద వాళ్లకన్నా ముందు వచ్చింది. ఆ మధ్యాహ్నం చేలో ఎవరూ లేరు. తండా ఆమె సాయంత్రం నీళ్లు పెట్టడానికి వచ్చేసరికి మేకలు ఆకులు అందినంత మేసి, కాండానికి బెరడు గీకేశాయి. మేకల కాపరి అమాయకుడే. కంచె కనబడలేదమ్మా, బీడనుకున్నా అన్నాడట. ఆకు పోతే వస్తుంది, చుట్టూ బెరడు పోయిన చెట్టు బతకదు. రెండున్నర ఎకరాలలో రెండు వందల అరవై ఉండాలి. బావికి ఆ పక్కనున్న ఎనభై ఏడు మిగిలాయి.

ఆ ఆదివారం బావతో పాటు నేనూ పోయాను. నాలుగు కిలోమీటర్లు ఆ బాటన నడవడం నాకదే మొదటిసారి. తోట పెట్టి నాలుగేళ్లయింది. అక్క గది ముందు మంచం మీద కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి, ఎడమచేత్తో కుండలో నీళ్లు ముంచి ఇచ్చింది. నేను వరుసల మధ్య తిరిగి చెట్లు లెక్కపెట్టాను. ఇంకేం చేయాలో తెలియలేదు. బెరడు పోయిన చోట కాండం తెల్లగా, తడిగా ఉంది. కొన్నిటికి పైన ఇంకా పూత ఉంది.

గదిలో మూల మిషన్ కనబడింది. పాత చీర ముక్కలో చుట్టి, గొలుసుకు నూనె రాసి పెట్టింది.

“మిషన్ మంచిగనే ఉంది తమ్మీ” అంది అక్క వెనక నుంచి. “జీతగాడే దొరకలే.”

బావ బయటికి పోయాడు. నేను క్షమించమని అడగాలనుకున్నాను. బదులుగా ఎన్ని చెట్లు పోయాయో చెప్పాను. “నూట డెబ్బై మూడు.” ఆమె తల ఊపింది.

ఆ మిషన్‌తో మిగతా తుమ్మ నేనే కోశాను. ఆరు ఆదివారాలు పట్టింది. నాకు తేలికగానే ఉంది, అదే తట్టుకోలేకపోయాను. తర్వాత సేటు లెక్కలు రాయడం మానేశాను. ఆయనకు కారణం చెప్పలేదు, కాబట్టి దాన్నీ నా ఖాతాలో మంచిపనిగా రాసుకోలేను. అబద్ధం అక్కడ ఇంకా నిలిచే ఉంది. ఆయన ఇప్పటికీ ఎక్కడన్నా కనబడితే ఫారం ఎట్లుంది అని అడుగుతాడు.

మూడు వానాకాలాలు వరుసగా బత్తాయి మొక్కలు తెచ్చి, గుంతలు నేనే తవ్వి నాటాను. మూడో ఏడు చివరి మొక్కకు నీళ్లు పోసి, “నూట డెబ్బై మూడూ అయినయ్ అక్కా” అన్నాను. ఒక బరువు దింపుకున్నట్టే అని ఉంటాను. అక్క చెరువు మట్టి బుట్ట దింపి, ఎడమచేత్తో ముఖం తుడుచుకుంది.

“మొక్కలు తెచ్చినవ్. మంచిదే. నాలుగేండ్లు ఏడ దొరుకుతయ్? సుల్తాన్ బజార్ల అమ్ముతున్రా?”

ఎత్తిపొడుపులా కూడా అనలేదు. అని, వచ్చే వేసవికి ఎన్ని పాదులకు నీళ్లు కావాలో చూసుకోవడానికి వరుస వెంట నడిచింది. నేను పక్కనే ఉన్నాను. అడిగితే రెప్పపాటులో చెప్పేవాణ్ని. ఆమె అడగలేదు. ఎడమచేతి వేళ్ల మీద ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంటూ పోయింది, మధ్యలో తప్పి మళ్లీ మొదటి చెట్టు దగ్గరికి వచ్చింది.

నేను నాటిన మొక్కలు ఇప్పుడు కాస్తున్నాయి. అయినా ఆమె చెప్పిందే సరి. అవి ఎన్నేళ్లు పెరిగినా, పోయినవి వాటికన్నా నాలుగేళ్లు ముందే ఉండేవి. ఆ తేడా ఏ వానాకాలమూ తీర్చదు. ఆ రోజు తిరుగు బస్సులో నూట డెబ్బై మూడును నాలుగుతో హెచ్చవేశాను. ఈ హెచ్చవేతలో కిరికిరి లేదు, ఎన్నిసార్లు చూసినా అంతే వస్తుంది. మా అక్కకు నేను బాకీ ఉన్నది ఆరు వందల తొంభై రెండు ఏళ్లు.